మా పెరటికి వేదిక వద్దు

గత నెలలో మా వాట్సాప్ గ్రూపులో, పలాస ప్రాంతపు మాజీ సైనికులందరం గౌరవించే ఒక రిటైర్డ్ సుబేదార్ సాబ్ ఒక ప్రతిపాదన పెట్టారు. ఏటా ముక్కనుమ నాడు మా ఇంటి పెరట్లో జరుగుతున్న కలయికను ఇకమీదట కాశీబుగ్గలో ఒక కల్యాణ మండపానికి మార్చాలని, సంఘంగా రిజిస్టరు చేయించి అధ్యక్షుణ్ణీ కార్యదర్శినీ ఎన్నుకోవాలని, ముఖ్య అతిథిని పిలిచి పెద్దవాళ్ళకు శాలువాలు కప్పించాలని ఆయన సూచన. ఒక పూటలోనే పదిహేను మందికి పైగా సరేనన్నారు. ఆయన ఉద్దేశం మంచిదని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు దేశానికి సేవ చేసిన మనుషులు వేప చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని వెళ్ళిపోవడం ఆయనకు చిన్నతనంగా తోచింది. అయినా నేను ఒప్పుకోలేకపోతున్నాను. గ్రూపులో రెండు ముక్కల్లో చెబితే అది ఇంటిగలావిడ పట్టుదలగా కనిపిస్తుంది కనుక, నా కారణాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఇంతే: ఈ కలయికలో సగం భార్యలది, ఆ సగం పెరట్లో బతుకుతుంది గాని మండపంలో బతకదు.

మా ఊరు ఉద్దానంలో, పలాసకూ సముద్రానికీ మధ్య ఉంది. మావారు 1992లో ఆర్టిలరీలో చేరి, గోల్కొండలో శిక్షణ పొంది, 24 ఏళ్ళ సర్వీసు తర్వాత 2016లో హవల్దారుగా ఇంటికి వచ్చారు. ఆ తర్వాత రెండేళ్ళకు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా పెరట్లోని తొమ్మిది కొబ్బరి చెట్లలో ఏడు పడిపోయాయి. మా అత్తగారు కాపురానికి వచ్చిన ఏడు నాటుకున్న పనస చెట్టు వేళ్ళతో సహా లేచి వంటపాక మీద ఒరిగింది. ఊళ్ళోకి దారి లేదు, కరెంటు లేదు, ఫోను లేదు. మూడో రోజు పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎనిమిది మంది గొడ్డళ్ళూ రంపాలూ మోకులూ పట్టుకుని, పడిన చెట్లు దాటుకుంటూ మా ఇంటికి నడిచి వచ్చారు. అందరూ రిటైరై వచ్చినవాళ్ళే. వాళ్ళను ఎవరూ పిలవలేదు. మా ఇల్లు దారి మొదట్లో ఉంది కనుక ఇక్కడి నుంచి పని మొదలుపెట్టారు. సైన్యపు ఇంజనీరు దళమైన మద్రాస్ సాపర్స్‌లో పనిచేసి వచ్చిన ఒకాయన, ఏ చెట్టును ఎటు లాగితే ఏ గోడ నిలబడుతుందో చూసి చెబుతుంటే మిగిలినవాళ్ళు కోశారు. ఇళ్ళ పైకప్పులు లేచిపోయిన ముగ్గురు తమ భార్యలనూ పిల్లలనూ వెంట తెచ్చుకున్నారు. ఆ రాత్రి పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద డేగిసాలో బియ్యం, కందిపప్పు కలిపి వండుకుని, ఉన్న ఒక్క లాంతరు చుట్టూ కూర్చుని తిన్నాం. ఈ కలయిక అక్కడ పుట్టింది.

ఆ లాంతరు దగ్గర నాకు తెలిసిన సంగతి ఒకటి ఉంది. నాకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక స్త్రీ, నేను గడిపిన జీవితాన్నే ఇరవై ఏళ్ళుగా గడుపుతూ ఉండింది. ఆవిడ కూడా 56 ఏ.పి.ఓ. అని సైనిక తపాలా అడ్రసు రాసి, ఆ అంకె వెనుక భర్త ఏ కొండ మీద ఉన్నాడో తెలియకుండానే ఉత్తరాలు వేసింది. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగి సైన్యం పెద్దయెత్తున సరిహద్దుకు కదిలినప్పుడు మావారు రాజస్థాన్ ఎడారిలో, ఆవిడ భర్త జమ్మూ వైపు, దాదాపు పది నెలలు ఉండిపోయారు. నాకు రెండో బిడ్డ ఆ పది నెలల్లోనే పుట్టాడు, ఆవిడకు మామగారు ఆ పది నెలల్లోనే పోయారు. ఏడాదికి రెండు నెలల వార్షిక సెలవులో రైలు ప్రయాణాలకు వారం, పెళ్ళిళ్ళకూ పొలం తగువులకూ పదిహేను రోజులు పోగా మిగిలే దినాలను నేను ఎలా లెక్కపెట్టుకున్నానో ఆవిడా అలాగే లెక్కపెట్టుకుంది. ఇద్దరం పలాస సంతలో ఎన్నిసార్లు పక్కపక్కనే నిలబడి చేపలు బేరమాడామో తెలియదు. మగవాళ్ళకు రెజిమెంటు ఉంటుంది, బ్యారక్ ఉంటుంది, ఒకరినొకరు 'ఉస్తాద్' అని పిలుచుకునే అలవాటు ఉంటుంది. ఊళ్ళో మిగిలిపోయిన భార్యలకు అలాంటి సంస్థ ఏదీ లేదు, మేము ఎవరికివారం ఒంటరిగానే ఆ సర్వీసు చేశాం.

తర్వాత వచ్చిన 2019, 2020 సంక్రాంతులకు వాళ్ళు మళ్ళీ కలిశారు. 'వాళ్ళు' అని కావాలనే రాస్తున్నాను. మగవాళ్ళు పెరట్లో కూర్చున్నారు, క్యాంటీన్ సీసా తెరిచారు, సియాచిన్ చలి గురించీ శ్రీలంకలో 1987 నాటి రోజుల గురించీ చెప్పుకున్నారు. మేము వంటపాకలో గారెలు వేసి పళ్ళేల్లో అందించాం. ఆ కథలు అబద్ధాలని గాని, చెప్పుకోకూడనివని గాని నేను అనను. ఆ రెండేళ్ళలో ఏ ఒక్కరి ఇంటి కష్టమూ పెరట్లోకి రాలేదు. వచ్చిన ప్రతివాడూ బాగానే ఉన్నానన్నాడు, బాగానే ఉన్నట్టు తాగాడు, బాగానే ఉన్నట్టు వెళ్ళాడు.

కరోనా వల్ల 2021లో కలవలేదు. ఆ ఏడు వేసవిలో, రెండో విడత జబ్బులో, మా వాళ్ళలో ఒకాయన పోయారు. 2022 ముక్కనుమ నాడు మళ్ళీ కలిసినప్పుడు ఆయన భార్య, మేము బారువ వదిన అని పిలిచే ఆవిడ, ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని ఒక్కతే వచ్చింది. భోజనానికి రాలేదు. భర్త స్నేహితుల్లో ఎవరికైనా ఈ కాగితాలు అర్థమవుతాయేమోనని వచ్చింది. పెళ్ళయిన కొత్తలో యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్, అంటే భార్య వివరాలను సర్వీసు రికార్డులోకి ఎక్కించే ఉత్తర్వు, వేయించినప్పుడు ఆయన ఆవిడ పేరును ఇంట్లో పిలిచే ముద్దుపేరుతో రాయించారు. ఆధార్‌లో బళ్ళో వేసిన పేరు ఉంది. బ్యాంకు పుస్తకంలో ఆ పేరు చివర 'అమ్మ' చేరి, ఇంటిపేరు పుట్టింటిదే ఉండిపోయింది. కాగితాల ప్రకారం ఆవిడ ముగ్గురు ఆడవాళ్ళు. అందులో ఎవరికీ పింఛను రావడం లేదు. భర్త పోయి ఎనిమిది నెలలైంది. తిరిగిన ప్రతిచోటా ఆవిడకు ఇంకో చోటి పేరు చెప్పి పంపించారు.

మా వాళ్ళలో హవల్దార్ క్లర్కుగా పనిచేసిన ఒకాయన ఆ కవరు విప్పి, నులక మంచం మీద కాగితాలు వరసగా పరిచి, ఏది లేదో, ఏ అఫిడవిట్ కావాలో, ఏ రికార్డు ఆఫీసుకు ఏమని రాయాలో అరగంటలో తేల్చారు. పని పూర్తి కావడానికి ఇంకా ఆరు నెలలు పట్టింది, మొత్తం పద్నాలుగు నెలలు. బకాయిలతో సహా డబ్బు వచ్చింది. ఆ రోజు జరిగిన అసలు సంగతి మాత్రం వేరు. ఆయన కాగితాలు చూస్తూ చూస్తూ తల ఎత్తి, 'మీ అందరి పేర్లూ సరిగ్గా ఉన్నాయా అమ్మా?' అని మమ్మల్ని అడిగారు. మేము పదకొండు మందిమి ఉన్నాం. మా పేరు భర్తల డిశ్చార్జి బుక్కులో ఎలా రాసి ఉందో మాలో ఒక్కరికీ తెలియదు. ఆ తర్వాతి ఆదివారం ఎవరి బుక్కు వాళ్ళు తెచ్చి చూసుకుంటే ఏడుగురికి ఏదో ఒక తేడా ఉంది. నా పుట్టిన తేదీ మూడేళ్ళు వెనక్కి ఉంది. నా పేరు నమోదు చేసిన రోజున నన్ను ఎవరూ అడగలేదు, అడగడానికి నేను పదిహేను వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాను.

అప్పటి నుంచి ముక్కనుమ నాడు భోజనాలకు ముందు ఆ నులక మంచం వేస్తాం. ప్రతి ఇల్లాలూ తన కవరు తెచ్చుకుంటుంది: డిశ్చార్జి బుక్కు, పింఛను ఆర్డరు, ఇద్దరి ఆధార్ కార్డులు, ఇ.సి.హెచ్.ఎస్. (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డులు, బ్యాంకు పుస్తకం. పింఛను వ్యవహారం స్పర్శ్ అనే ఆన్‌లైన్ విధానానికి మారాక లాగిన్ ఎవరి ఫోనులో ఉంది, ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం ఇచ్చారా లేదా అని చూస్తాం. భర్త పింఛను ఎంతో చాలామంది ఆడవాళ్ళకు తెలుసు. ఆయన తర్వాత తనకు మొదట కొన్నేళ్ళు హెచ్చు రేటున వచ్చి, ఆ తర్వాత చివరి జీతంలో 30 శాతానికి దిగుతుందని అక్కడే మొదటిసారి తెలుసుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ మాట వినగానే మందస అక్క కాసేపు మౌనంగా ఉండి, ఇంటికి వెళ్ళి, జీడితోట కౌలు కాగితాల్లో తన పేరు కూడా చేర్పించుకుంది. భర్త బతికుండగా ఆయన మరణం గురించి లెక్కలు వేయడం మన ఇళ్ళల్లో అశుభం. పదిమంది ఆడవాళ్ళు కలిసి వేసుకుంటే, పక్కనే భర్తలు కూర్చుని అవునంటుంటే, అది అశుభం కాకుండా పోయింది.

ఇంకో సంగతి చెప్పాలి. ఉద్దానంలో ఉన్నవాళ్ళకు కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, సీరం క్రియాటినిన్ అంటే ఏమిటో చదువు రాని ముసలమ్మకు కూడా తెలుసు. కిడ్నీ జబ్బు తగలని వీధి మా వైపు లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు గాని, ఆసుపత్రి గుమ్మం దాకా మనిషి వెళ్ళాలి కదా. సైన్యంలో ఏటా వైద్య పరీక్ష అంటే ఆరోగ్య కేటగిరీ పడిపోతుందేమోనన్న భయంతో జబ్బు దాచుకోవడం అలవాటైన మనిషి, రిటైరయ్యాక కూడా ఆ అలవాటు వదలడు. మా వాళ్ళలో ఒకాయన అలాగే దాచారు. 2024లో మంచం దగ్గర అందరం కాగితాలు చూసుకుంటుంటే, కవిటి వదిన తన కవరులోంచి మడతపెట్టిన చీటీ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. 'నాకేటీ సెప్పనేదమ్మా. సొక్కా జేబులో దొరికినాది. ఇదేటో సూడు' అంది. క్రియాటినిన్ మూడు దాటి ఉంది. ఆయన అయిదు గజాల దూరంలో పనస మొద్దు మీద కూర్చుని, తన ఆరోగ్యం ఇనుములా ఉందని చెబుతున్నారు. మావారూ ఇంకో ఇద్దరూ ఆయనను బతిమాలలేదు, మందలించలేదు, మర్నాడు పొద్దున్న మోటారు సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకువెళ్ళారు. ఇప్పటికీ మందులతో నెట్టుకొస్తున్నారు, డయాలసిస్ దాకా రాలేదు. ఆ చీటీ మండపంలో బయటికి వచ్చేదా అని సుబేదార్ సాబ్ గారిని అడగాలని ఉంది. ముఖ్య అతిథి ప్రసంగిస్తుండగా, వెనుక వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న ఆడమనిషి చొక్కా జేబులో దొరికిన చీటీని ఎవరి చేతిలో పెడుతుంది?

రోజు గురించి కూడా ఒక మాట. ప్రభుత్వం మాజీ సైనికుల దినంగా జరిపేది జనవరి 14. భారత సైన్యానికి తొలి భారతీయ ప్రధాన సేనాధిపతి అయిన కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన రోజు అది, ఆ గౌరవం సరైనదే. మన ఇళ్ళల్లో ఆ తేదీన ఒక ఏడు భోగి, ఒక ఏడు పెద్ద పండగ వస్తుంది. పొద్దున్న ముగ్గులు, మధ్యాహ్నం పెద్దలకు పెట్టుకోవడం, సాయంత్రం అల్లుళ్ళు. ఆ రోజు సభకు వెళ్ళగలిగేది మగవాళ్ళే. కనుమ నాడు కాకైనా కదలదంటారు. అందుకని మేము ముక్కనుమ పెట్టుకున్నాం, ఆ రోజుకు ఆడవాళ్ళ చేతులు కాస్త ఖాళీ అవుతాయి. వంట కూడా మగవాళ్ళదే. ఈ నియమం మేము 2022లో పెట్టాం. లంగరులో, అంటే సైనిక వంటశాలలో, ఫెటీగ్ (వంతు చాకిరీ) చేయనివాడు సైన్యంలో లేడు, రెండు వందల మందికి ఉల్లిపాయలు తరిగినవాళ్ళకు నలభై మందికి కోడికూర వండటం కష్టం కాదు. గారెలు మాత్రం వాళ్ళకు గుండ్రంగా రావు, అవి ముందురోజువి సర్దుకుంటాం. సీసాను నిషేధించలేదు. కాగితాల పని, భోజనాలు అయ్యాక, ఇళ్ళకు బండ్లు నడపనవసరం లేనివాళ్ళు తీసుకుంటారు. మొదటి రెండేళ్ళు నాలుగు సీసాలు ఖాళీ అయ్యే చోట ఇప్పుడు ఒకటి మిగులుతోంది. మేము ఎవరం ఏమీ అనలేదు, మాట్లాడుకోవలసినది ఎక్కువైంది.

సుబేదార్ సాబ్ గారి పక్షాన ఉన్న బలమైన వాదనను నేను దాటవేయను. సంఘాలు లేకపోతే హక్కులు రావు. ఒకే ర్యాంకు ఒకే పింఛను కోసం 2015లో జంతర్ మంతర్ దగ్గర మాజీ సైనికులు నెలల తరబడి కూర్చున్నారు కాబట్టే ఆ సెప్టెంబరు 5న ప్రభుత్వం ప్రకటన చేసింది. పెరట్లో కోడికూర తిన్నవాళ్ళ వల్ల అది జరగలేదు. ఆసుపత్రుల బకాయిల గురించీ, క్యాంటీన్ దూరం గురించీ అధికారులకు అర్జీ పెట్టాలంటే లెటర్‌హెడ్ ఉన్నవాడి మాట చెల్లుతుంది. అందుకు సంఘం పెట్టండి, నేను చందా ఇస్తాను, అర్జీలు నేనే రాసిపెడతాను. పెరటిని రద్దు చేసి దాని మీద సంఘాన్ని కట్టవద్దని మాత్రమే నా విన్నపం.

ఎందుకంటే సంఘానికి సభ్యత్వ నిబంధన ఉండక తప్పదు. మాజీ సైనికుడు ఎవరన్నదానికి ప్రభుత్వ నిర్వచనం ఉంది, సంఘం దాన్నే పెట్టుకుంటుంది. ఆ నిర్వచనం ప్రకారం కేంద్ర పోలీసు బలగమైన సి.ఆర్.పి.ఎఫ్.లో ఇరవై ఏళ్ళు చేసి వచ్చిన నౌపడ తమ్ముడు మాజీ సైనికుడు కాడు. మా ఊళ్ళలో మాత్రం అతనిదీ 'మిలట్రీ వాళ్ళ ఇల్లే'. అతని భార్య కూడా నాలాగే రాత్రిళ్ళు టీవీ వార్తలు ఆపేసి పిల్లలను పడుకోబెట్టిన మనిషి. అగ్నివీరుల సంగతి ఇంకా దగ్గరికి వచ్చింది. 2022 జూన్‌లో ప్రకటించిన పథకం కింద తొలి విడతలో చేరినవాళ్ళ నాలుగేళ్ళు 2026 ఆఖరు నుంచి పూర్తవడం మొదలవుతుంది. వాళ్ళలో పాతిక శాతం వరకే సర్వీసులో కొనసాగిస్తారు. మిగిలినవాళ్ళు 11.71 లక్షల సేవానిధి తీసుకుని, పింఛను లేకుండా, ఇ.సి.హెచ్.ఎస్. లేకుండా, క్యాంటీన్ కార్డు లేకుండా, మాజీ సైనికులన్న గుర్తింపు కూడా లేకుండా ఇరవైల వయసులోనే ఇంటికి వస్తారు. ఆ పథకం మంచిదా చెడ్డదా అన్నది ఈ వ్యాసంలో తేల్చను. మా వైపు నుంచి చేరిన పిల్లలు తిరిగి వస్తారు, సైన్యం నుంచి వచ్చిన మొదటి ఏడాది ఇంట్లో ఎలా ఉంటుందో మాకు తెలుసు. మావారు 2016లో వచ్చిన కొత్తలో తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, మడత సరిగా లేని దుప్పటి కోసం కొడుకును నిద్రలేపేవారు. పందొమ్మిదేళ్ళు ఇంటి లెక్కలన్నీ చూసిన నన్ను ప్రతి రూపాయికీ అడిగేవారు. అది కోపం కాదని, ఇంట్లో తన పని ఏమిటో తెలియకపోవడమని నాకు అర్థమయ్యేసరికి ఏడాది పట్టింది. ఆ కుర్రవాళ్ళ తల్లులకూ, వాళ్ళను చేసుకోబోయే ఆడపిల్లలకూ ఆ ఏడాది గురించి ఎవరు చెబుతారు?

ఈ ఏడాది ముక్కనుమ నాడు మా వెనుక వీధి అమ్మాయి ఒకామె, కొడుకు అగ్నివీరుగా ఉన్న తల్లి, దొడ్డి తడిక దగ్గర నిలబడి, 'అమ్మా, నానూ రావచ్చా?' అని అడిగింది. తడిక తీసి ఉంది. ఆమె లోపలికి వచ్చి, మధ్యాహ్నమంతా నా పక్కన కూర్చుని, కొడుకు సెలవు నుంచి వెళ్ళేటప్పుడు తన వైపు చూడకుండా ఎందుకు రైలెక్కుతాడని అడిగింది. మాలో నలుగురం ఒకేసారి జవాబు చెప్పబోయాం.

నేను ఈ వ్యాసం సగం రాసి ఉండగా సుబేదార్ సాబ్ గారి భార్య ఫోను చేశారు. ఆవిడ పెద్దావిడ, సాధారణంగా భర్త మాటకు ఎదురు చెప్పరు. పండగ పిండివంటల గురించి కాసేపు మాట్లాడి, 'మండపంలో అయితే మంచం ఎక్కడ వేస్తామమ్మా?' అని అడిగారు. ఆ ప్రశ్నను నేను సాబ్ గారికే వదిలేస్తున్నాను, ఆయన నాకన్నా అనుభవం ఉన్నవారు. మంచానికి పోయినేడే నులక వదులైంది, ధనుర్మాసం వెళ్ళేలోగా కొత్తది అల్లుతానని మావారు చెప్పారు. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి మొక్కల్లో మూడు ఈ ఏడు కాపుకొచ్చాయి. కవరులో పాత బ్యాంకు పుస్తకం కూడా పెట్టుకుని రండి, పేరు ఎప్పుడు మారిందో అందులోనే తెలుస్తుంది.